సీటీ 19, పదకొండు తేడాలు

2021 మే మొదటి వారం. కర్నూలు ఎండకి పీపీఈ కిట్‌లో ఒళ్లు ఎట్లాగూ కాలుతుంటుంది, అందుకే రెండు రోజులు జ్వరమని గుర్తుపట్టలేదు. మూడో రోజు కోవిడ్ ఆర్టీపీసీఆర్ పాజిటివ్, సీటీ విలువ 19. ఇది సీటీ స్కాన్ కాదు, వైరస్ కనబడేదాకా పరీక్ష ఎన్ని సైకిళ్లు తిరిగిందన్న లెక్క. అంకె ఎంత తక్కువైతే వైరస్ అంత ఎక్కువ. ల్యాబ్ టెక్నీషియన్ని కదా, ఈ శాంపిల్ సీక్వెన్సింగ్‌కి, అంటే వైరస్ జన్యుక్రమాన్ని అక్షరం అక్షరం చదవడానికి, పనికొస్తుందన్నదే ముందు తోచింది. సీటీ చూసి జబ్బు తీవ్రత చెప్పేవాళ్లు అప్పుడు వీధికొకరు. అది చెప్పేది స్వాబ్‌కి ఎంత వైరస్ అంటుకుందన్నదే. మూడు పైచిలుకు సైకిళ్లకి పదింతల తేడా. పుల్ల ముక్కులోకి సరిగా పోకపోయినా ఆ అంకె పెరుగుతుంది.

ఆ వారంలో మా వార్డు సిబ్బంది ఆరుగురం పడ్డాం. సీటీ 25 లోపున్న నలుగురివే సీక్వెన్సింగ్‌కి హైదరాబాద్ పంపారు. మిగతా ఇద్దరిదీ 30 పైన. అంత తక్కువ వైరస్‌తో జన్యుక్రమం నిండా ఖాళీలే మిగులుతాయి.

శాంపిల్ ఎక్కువగా పాడయ్యేది సీక్వెన్సింగ్ మిషన్ దగ్గర కాదు, మా దగ్గరే. పాజిటివ్ అని తేలగానే వీటీఎం (స్వాబ్ ముంచి ఉంచే ద్రావణం) గొట్టాన్ని బల్ల మీదే వదిలేస్తాం. 2 నుంచి 8 డిగ్రీల్లో మూడు రోజులు ఉంచొచ్చు, అంతకు మించితే మైనస్ 70 కావాలి. మూత బిగించి పారాఫిల్మ్ (సాగే మైనపు పట్టీ) చుట్టకపోతే హైదరాబాద్ చేరేలోపు కారుతుంది. ఐస్‌ప్యాక్ తడికి మామూలు పెన్నురాత చెరిగిపోతుంది. లక్షణాలు మొదలైన తేదీ, డ్యూటీ చేసిన వార్డు, టీకా డోసుల తేదీలు రాయకుండా పంపితే తిరిగొచ్చేది ఉత్త అక్షరాల వరసే.

అక్కడ ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చి, సుమారు 400 అక్షరాల ముక్కలుగా నకళ్లు తీసి పెంచుతారు. పక్కపక్క ముక్కల అంచులు ఒకదానిమీదొకటి పడతాయి కాబట్టి రెండు వేరు గొట్టాల్లో పెంచాలి. చదివినదాన్ని మొదట్లో వూహాన్‌లో దొరికిన వైరస్ 29,903 అక్షరాల క్రమంతో పోలుస్తారు. నకలు మొదలవడానికి వాడే చిన్న డీఎన్‌ఏ తునక, అంటే ప్రైమర్, అతుక్కునే చోటే మ్యుటేషన్ ఉంటే ఆ ముక్క పెరగదు, ఫలితంలో ‘ఎన్’ అని పడుతుంది. ‘ఎన్’ అంటే మార్పు లేదని కాదు, చదవలేకపోయామని. శాంపిల్ బదులు ఉత్త నీళ్లు పెట్టి నడిపే కంట్రోల్‌లో వైరస్ కనబడితే ఆ బ్యాచ్ ఫలితాలేవీ నమ్మకూడదు.

నాకు ఎనిమిదో రోజు ఆక్సిజన్ 92కి దిగింది. ఐదు రోజులు ఆక్సిజన్, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. వేరియంట్ ఏదో ఇంకా తెలియదు, తెలిసినా మందు మారేది కాదు. ఊళ్లో మాత్రం ‘కర్నూలు వేరియంట్’ అని ఒకటే గోల. అది ఎన్440కె. వైరస్ మీది ముళ్ల ప్రోటీన్ స్పైక్‌లో 440వ చోట ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం పోయి లైసీన్ రావడం. అది తగ్గిపోతోందని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అప్పటికే చెప్పారు, వినేదెవరు? నేను డ్యూటీలో చేరాక రిపోర్టు వచ్చింది. నలుగురిదీ బి.1.617.2, అంటే డెల్టా.

అసలు సంగతి తేడాల్లో ఉంది. నాదీ ఒక సిస్టర్‌దీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఇంకో సిస్టర్‌కి ఒక్క అక్షరం తేడా. నాలుగో మనిషికి నాతో పోలిస్తే పదకొండు. ఈ వైరస్‌లో నెలకు సుమారు రెండు మార్పులు నిలబడతాయి. వారంలో పదకొండు రావు. కాబట్టి ఆయనకు మా నుంచి అంటలేదు, ఇంటి దగ్గరో ఇంకెక్కడో. ‘కాదు’ అని సీక్వెన్సింగ్ గట్టిగా చెబుతుంది. ‘అవును’ అని అంత గట్టిగా చెప్పలేదు, ఊరంతా డెల్టాయే ఉన్నప్పుడు సంబంధం లేనివాళ్లకీ ఒకే క్రమం రావచ్చు.

“అన్నా, నాకే ముందు జ్వరమొచ్చింది. నా నుంచే మీకు అంటిందా?” అని అడిగింది ఆ ఇద్దరిలో ఒక సిస్టర్.

“అది దాంట్లో ఉండదమ్మా. ఎవరి నుంచి ఎవరికో అక్షరాలు చెప్పవు” అన్నాను.

డ్యూటీ రోస్టర్ ముందేసుకుని చూస్తే ముగ్గురం కలిసింది టీ గదిలోనే. ఏసీ కోసం కిటికీ మూసి, మాస్కులు తీసి కూర్చునేవాళ్లం. ఇప్పుడు అక్కడ ఏసీ లేదు, కిటికీ తెరిచే ఉంటుంది, ఒకసారికి ఇద్దరే. నా దగ్గు ఆరు వారాలు వదల్లేదు. సీటీ 30 దాటిన ఆ ఇద్దరికీ ఎక్కడంటిందో మాత్రం తేలలేదు.