ఆరంకెలు, అరనిమిషం

కరెంటు బిల్లు కట్టడం దగ్గర ఇంత రభస జరుగుతుందని అనుకోలేదు. బిల్లయితే కట్టేశాం. కట్టిన తీరే నాకింకా మింగుడుపడటం లేదు. అందుకే పదకొండు దాటినా ఇలా కూర్చున్నాను.

నాన్నగారి పద్ధతి మీకు తెలిసిందే. కరెంటు బిల్లు ఆయన పెన్షన్ ఖాతాలోంచి, ఆయన చేతుల మీదుగానే వెళ్లాలి. ఫోనుకు ఓటీపీ వస్తే దాన్ని నేరుగా యాప్‌లో కొట్టరు. కళ్లజోడు సర్దుకుని, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, ఆరంకెలూ పెన్నుతో రాసుకుంటారు. రాసింది పైకి చదువుతారు. ఫోనులో ఉన్నదానితో సరిచూసుకుంటారు. అప్పుడు యాప్ తెరుస్తారు. ఈలోగా అక్కడ గడువు ముగిసిందని ఎర్ర అక్షరాలు! మళ్లీ మొదటికి. ఇదంతా మామూలే.

ఈరోజు దానికి తోడు ఆ బ్యాంకు యాప్ రాత్రికి రాత్రి వేషం మార్చింది. కింద ఎడమవైపు ఉండే 'బిల్లులు' బటన్ మాయం. దాని చోట ఏదో ప్రకటన. నాన్నగారు అలవాటు కొద్దీ అక్కడే నొక్కారు. రెండు లక్షల వ్యక్తిగత రుణానికి మీరు అర్హులు, అభినందనలు అంది. ఎనభైకి దగ్గర పడుతున్న మనిషిని పట్టుకుని!

ఆ గందరగోళంలో మావాడు వచ్చి "ఇలా ఇవ్వండి తాతయ్యా" అంటూ ఫోను తీసుకున్నాడు. ఎక్కడెక్కడో టకటకా నొక్కి, "అయిపోయింది" అని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మర్యాదగానే అన్నాడు. అయినా నాకు ఒళ్లు మండింది. నాన్నగారు ఏమీ అనలేదు. నోటుబుక్కులో ఆ ఆరంకెలనూ కొట్టేసి జేబులో పెట్టుకున్నారు.

పెద్దవాళ్ల కోసం కాస్త నెమ్మదిగా నడిచే ఇంటర్నెట్ ఒకటి ఉండాలని రాద్దామనే కూర్చున్నాను. ఒకప్పుడు ఉండేది కదా! 1999లోనో 2000లోనో, అన్నయ్య డాలస్ వెళ్లిన కొత్తలో, రాజమండ్రి దేవీచౌక్ దగ్గర ఒక నెట్ సెంటర్‌కు ఆదివారం ఆదివారం వెళ్లేవాళ్లం. ప్లైవుడ్ అడ్డగోడలు. చెప్పులు బయటే విప్పాలి. ఏసీ ఉంది కాబట్టి గంటకు 40 రూపాయలు. మోడెం కూత పెట్టగానే నాన్నగారు తల పక్కకు వంచి వినేవారు. "ఇవాళ లైను బాగోలేదు" అనేవారు. నిజంగానే బాగుండేది కాదు. తంతి (టెలిగ్రాం) ఆఫీసులో ఏళ్ల తరబడి లైన్లు విన్న చెవులు మరి. అన్నయ్య ఫొటో పంపితే ముందు జుట్టు దిగేది, కాసేపటికి కళ్లు. "చిక్కిపోయాడు" అని అమ్మ అనేసరికి ఇంకా ముక్కు కూడా వచ్చేది కాదు. జవాబు నాన్నగారు ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకొచ్చేవారు. దాన్ని నేను ఇంగ్లిషు అక్షరాల్లో టైపు కొట్టేదాన్ని. "ఉత్తరం అందింది. అందరం క్షేమం. డబ్బు పంపవద్దు. చలికోటు కొనుక్కో." అంతే. దీనికి తంతిలా మాటకింత అని లెక్క లేదు, ఎంతైనా రాయొచ్చు నాన్నగారూ అంటే, "ఇంకేముంది రాయడానికి?" అనేవారు. పెళ్లి శుభాకాంక్షలకు 8 అని ఒక్క అంకె కొడితే అవతలి ఊళ్లో పూర్తి వాక్యం రాసి ఇచ్చే ఉద్యోగం చేసినాయన.

ఇక్కడిదాకా రాసి చదువుకుంటే నా వాదన నాకే నచ్చలేదు. ఆయన నెమ్మది మనిషి ఏమిటి? మోర్సులో, అంటే తంతి యంత్రం పొట్టి, పొడుగు చప్పుళ్లతో పలికే అక్షరాల్లో, నిమిషానికి ఇరవై, పాతిక మాటలు చెవితో విని చేత్తో రాసుకున్నవారు. ఇప్పటికీ యూట్యూబులో ప్రవచనాలు ఒకటిన్నర వేగంతో వింటారు, మామూలుగా పెడితే సాగదీస్తున్నారంటారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కూడా ఎవరి సాయం లేకుండా ఫోనులోనే చేసుకున్నారు. ముఖం చూపించి కళ్లార్పితే చాలు, బతికే ఉన్నామని ప్రభుత్వానికి తెలిసిపోతుంది. 2021 నుంచీ ఉంది ఈ సౌకర్యం. ఆ రోజు పాయసం అడిగి మరీ చేయించుకున్నారు.

వేగంతో ఆయనకు పేచీ లేదు. చోటు మార్చుకునే బటన్లతోనే వచ్చింది తంటా. మోర్సు సంకేతాలు 1865లో పారిస్‌లో అంతర్జాతీయంగా ఖాయమయ్యాయి. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి వందేళ్లు దాటినా ఏ అక్షరం చప్పుడు దానిదే. ఒకసారి పట్టుబడితే జన్మకంతా సరిపోయేది. ఈ యాప్ వాళ్లకు నెల తిరక్కుండానే విసుగు పుడుతుంది. ఇక ఓటీపీ రాసుకోవడాన్ని మా ఇంట్లో చాదస్తం అంటారు గానీ, తంతిలో అంకెలుంటే చివర వాటిని తిరిగి చెప్పి సరిచూసుకోవడం పనిలో భాగం. తంతి మనియార్డరులో ఒక్క సున్నా జారితే ఊరుకుంటారా? (గడువు దొంగల కోసం పెట్టారని నాకూ తెలుసు. దొంగలు మాత్రం ఆ అరనిమిషంలోనే చక్కగా పని కానిచ్చుకుంటున్నారు.)

మావాడి మీద కోపం ఇంకా తగ్గలేదు. పక్కన కూర్చుని "బిల్లులు ఇప్పుడు ఇక్కడున్నాయి తాతయ్యా" అని చూపిస్తే ఏం పోయింది? భోజనాల దగ్గర అదే అడిగాను. "పని అయిందిగా అమ్మా" అన్నాడు. ఈయన పెరుగన్నంలోంచి తల ఎత్తితే ఒట్టు.

ఇందాక నాన్నగారి ఫోను తీసి ఆటో అప్‌డేట్ ఆపేశాను. బ్యాంకు యాప్ దీనికి లొంగదు, పాతది పనిచేయదంటూ ఏదో ఒక రోజు మొండికేస్తుంది. అప్పటిదాకా బటన్లు ఉన్నచోటే ఉంటాయి. బుధవారం గ్యాసు బుక్ చేయాలి. అది నాన్నగారే చేస్తారు, ఎవరూ ఫోను ముట్టుకోకుండా నేను పక్కన కాపలా ఉంటాను. అప్‌డేట్ ఆపానని తెలిస్తే మావాడు సెక్యూరిటీ మీద ఉపన్యాసం ఇస్తాడు. ఇవ్వనీ.