మా వాడి ఎన్‌బీఏ పిచ్చి, సత్నాం కథ

మా మేనల్లుడు నెల్లూరులో తొమ్మిదో తరగతి. క్లాసులో వాడే పొడుగు, అందుకని పీఈటీ సారు బాస్కెట్‌బాల్ టీంలో వేశాడు, అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గోల, "మామా, నేను ఎన్‌బీఏకి పోతా" అని. ఎన్‌బీఏ అంటే అమెరికాలోని ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్.

పో అబ్బయా, వద్దన్నదెవరు! కానీ సత్నాం సింగ్ సంగతి తెలుసా అన్నాను. పంజాబ్‌లో బల్లోకే అనే పల్లె, రైతు కుటుంబం, లూధియానా అకాడమీలో ఆట నేర్చుకుని 2010లో స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు, ఏడడుగుల రెండంగుళాల మనిషి. 2015 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, డల్లాస్ మావెరిక్స్ జట్టు 52వ పిక్‌గా తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. అక్కడిదాకా అందరికీ తెలుసు. తర్వాత ఎన్‌బీఏకి కింది స్థాయి అయిన డెవలప్‌మెంట్ లీగ్‌లో టెక్సాస్ లెజెండ్స్ జట్టుకి ఆడాడు గానీ ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు, చివరికి రెజ్లింగ్‌కి మారాడు.

నన్నడిగితే అక్కడిదాకా వెళ్లడమే పెద్ద విషయం. కాకపోతే ఎత్తు గేటు వరకే తీసుకెళ్తుంది, లోపల కాళ్ల వేగం కావాలి. మా వాడికి ఎడమ చేత్తో డ్రిబుల్ చేస్తే బంతి బూటుకు తగిలి డ్రైనేజీ వైపు దొర్లుతుంది. ఆదివారం సెలక్షన్స్. టెన్షన్ వాడికంటే మా అక్కకే ఎక్కువ.