టీఎస్‌హెచ్ నార్మలే, తప్పంతా నా తిండిదే అన్నారు

నిన్న వచ్చిన రిపోర్టులో చెడు కొలెస్ట్రాల్ 112. పోయినేడు ఇదే 198. నన్ను మాటలన్నవాళ్ళందరి ముందూ ఈ కాగితం పెట్టాలనుంది.

మాది చిత్తూరు. రెండో కాన్పు తర్వాత మెల్లగా ఒళ్ళొచ్చింది, అదీ పొట్ట చుట్టూ. మేనెలలో కూడా దుప్పటి కావాలి. మధ్యాహ్నానికి నీరసం ముంచుకొస్తుంది. రక్తపరీక్షలదేముంది, పొద్దున ఇస్తే సాయంత్రానికి వాట్సాప్‌లో వచ్చేశాయి.

అవి పట్టుకుని తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. డాక్టరు రిపోర్టు చూసి, నన్ను వదిలేసి మా ఆయన్ని అడిగాడు, "ఇంట్లో ఏం తింటుంది?" అని. "మామూలే సార్. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక సంగటి ముద్ద." డాక్టరు నవ్వాడు. "మీరు డ్యూటీకి పోయాక ఏం తింటుందో మీకేం తెలుసు?" తలుపు తెరిచే ఉంది. బయట కుర్చీల్లో ఉన్నవాళ్ళు తలలు తిప్పి నావైపు చూశారు.

అక్కడి నుంచి డైటీషియన్ దగ్గరికి పంపారు. తిన్నదంతా నోటుబుక్కులో రాయమంది. ఊరిబిండి ఎన్ని చెంచాలో కూడా రాశాను. మళ్ళీ పోతే ఎర్రపెన్నుతో పేజీ మొత్తానికి సున్నా చుట్టి, "నిజం రాయండి ఆంటీ, ఇంతే తింటే బరువెందుకు తగ్గరు?" అంది. థైరాయిడ్ ఏమోనని నేనే అడిగితే, "టీఎస్‌హెచ్ 2.9, నార్మల్" అన్నాడు డాక్టరు. థైరాయిడ్‌కి మామూలుగా చేసే రక్తపరీక్ష అది. కొలెస్ట్రాల్ మాత్ర రాశాడు. అది మొదలుపెట్టాక తొడలు పట్టేసి మేడమెట్లు కూడా ఎక్కలేకపోయాను. డాక్టరుకి చెబితే సాకులట. ఇంటికొచ్చి ఆ నోటుబుక్కు పొయ్యిలో పెట్టాను, ఇప్పటికీ బాధ లేదు.

చివరికి హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె తిండి ఊసే ఎత్తలేదు. "కాన్పులో రక్తం బాగా పోయిందా? బిడ్డకి పాలు పడ్డాయా? ముట్టు మళ్ళీ వచ్చిందా?" రక్తం ఎక్కించాల్సొచ్చింది. పాలు చుక్క కూడా పడలేదు. ముట్టు రానే లేదు. పాలు పడనందుకు మా అత్త ఎన్ని మాటలందో ఆ దేవుడికే తెలుసు.

ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉన్న అసలు థైరాయిడ్ హార్మోన్, చేయిస్తే 0.4, ఉండాల్సిన దాంట్లో సగం. ఎమ్మారైలో మెదడు కింద పిట్యూటరీ గ్రంథి ఉండాల్సిన చోటు దాదాపు ఖాళీ. గర్భంతో ఉన్నప్పుడు ఆ గ్రంథి పెద్దదవుతుంది, కాన్పులో ఎక్కువ రక్తం పోతే దానికి రక్తం అందక చచ్చుబడుతుంది. దీని పేరు షీహాన్ సిండ్రోమ్. షీహాన్ అనే బ్రిటిష్ డాక్టరు 1937లోనే దీని గురించి రాశాడు. మన డాక్టర్లకి మాత్రం నా సంగటి ముద్దే కనిపించింది! థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్, అది తయారయ్యేది పిట్యూటరీలోనే. ఆ పిట్యూటరీయే పాడైతే థైరాయిడ్ ఎంత పడిపోయినా టీఎస్‌హెచ్ పెరగదు, చూడడానికి నార్మల్‌గానే ఉండొచ్చు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే కాలేయం చెడు కొలెస్ట్రాల్‌ని రక్తంలోంచి సరిగ్గా తీసెయ్యలేదు. ఆ లోటు మీద కొలెస్ట్రాల్ మాత్ర వేస్తే కండరాల నొప్పులూ ఎక్కువే. గ్రోత్ హార్మోన్ కూడా పిట్యూటరీదే, అది లోపిస్తే కొవ్వు పొట్టలో చేరుతుంది.

కార్టిసాల్ అంటే ఒంట్లోనే తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్, పిట్యూటరీ పాడైతే అదీ పడిపోవచ్చు. ఆ పరీక్షకి పొద్దున ఎనిమిదింటికల్లా రక్తమివ్వండి. ల్యాబ్ కుర్రాడు "పదకొండుకి రండి, ఏం కాదు" అంటాడు, వినొద్దు. నేను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నా, తీశాడు. కార్టిసాల్ తక్కువుంటే ముందు స్టెరాయిడ్ మాత్ర, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. తారుమారైతే ప్రాణం మీదకొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. స్టెరాయిడ్ అనగానే చుట్టాలు భయపెడతారు. ఒంట్లో లేనిదాన్ని కొలతకి సరిపడా వేసుకోవడమే అది, సొంతంగా ఆపేస్తేనే ప్రమాదం. జ్వరమొస్తే డోసు పెంచాలి, ఎంత పెంచాలో డాక్టరుతో ముందే రాయించుకోండి.

మొన్న మా వీధి డాక్టరు టీఎస్‌హెచ్ మరీ తక్కువుందని థైరాయిడ్ మాత్ర సగం చెయ్యమన్నాడు. "నాకు చూడాల్సింది ఫ్రీ టీ4 సార్" అన్నాను. కళ్ళజోడు తీసి నన్నే చూశాడు. ఆ చూపుకి నా ఫీజు గిట్టుబాటైంది.

పొట్ట ఇంకా పూర్తిగా తగ్గలేదు. గ్రోత్ హార్మోన్ వాడొచ్చన్నారు కానీ రోజూ ఇంజెక్షన్, ఖర్చు మా జీతానికి అందదు. వచ్చే చెకప్‌లో మళ్ళీ అడుగుతాను.