ఘాటు పైన మన ఊరు, చుట్టూ మన పల్లెలు

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. మన సార్ల గురించి, పెంకుల గదుల గురించి, స్కూలు వెనక చింతచెట్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను పల్లెల గురించి రాస్తాను. మన తరగతిలో పలమనేరు టౌను పిల్లలం కొద్దిమందిమే. మిగతావాళ్లంతా గంగవరం, పెద్దపంజాణి, బైరెడ్డిపల్లె, వి.కోట దిక్కుల నుంచి నడిచో, సైకిలు తొక్కుకుంటూనో, తొలి బస్సు పట్టుకునో వచ్చేవాళ్లు. హాజరుపట్టీలో పేర్ల పక్కన ఊళ్ల పేర్లు కూడా రాసి ఉంటే అది మండలం పటంలా ఉండేది.

పెళ్లయ్యాక తిరుపతిలో స్థిరపడ్డాను. సంక్రాంతి వెళ్లాక సమ్మేళనం పనుల మీద వచ్చి, నాతో చదువుకున్న ఇద్దరు ముగ్గురి ఊళ్లు చూసి వద్దామని ఆగిపోయాను. చిత్తూరు దాటి, బంగారుపాళ్యం మామిడితోటల మధ్య నుంచి మొగిలి ఘాటు ఎక్కుతుంటే చెవులకు గాలి చల్లగా తగులుతుంది. చిత్తూరు సముద్రమట్టానికి 330 మీటర్ల దగ్గర ఉంటే పలమనేరు 680 దాటుతుంది. అంటే ఆ కాసేపట్లో రెట్టింపు ఎత్తుకు వచ్చేస్తాం. నీలగిరులకు దారులు పడకముందు మద్రాసు దొరలు ఎండాకాలం గడపడానికి ఇక్కడికే వచ్చేవాళ్లట. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాడు నుంచి పలమనేరు ఇందులోకి వచ్చింది. అయినా ఊరి మాటలో, సంతలో, పెళ్లి సంబంధాల్లో కన్నడం, తమిళం ఎప్పుడూ పక్కనే ఉన్నాయి. వి.కోట నుంచి వచ్చేవాళ్లు ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు. గుడియాత్తం దారిలోని పల్లెల నుంచి వచ్చేవాళ్లు తమిళం. మన తెలుగు సారు మాత్రం అందరి చేతా ఒకే పద్యం ఒకే గొంతుతో చదివించేవారు.

మొదట బైరెడ్డిపల్లె దగ్గర మా పట్టుపురుగుల నేస్తం ఇంటికి వెళ్లాం. బడిలో ఆమెకు మేము పెట్టుకున్న పేరు అదే. గూళ్లు దించే వారంలో ఆమె బడికి వచ్చేది కాదు. లెక్కల సారుకు ఆ సంగతి తెలుసు. వచ్చాక సాయంత్రాలు కూర్చోబెట్టి, పోయిన లెక్కలన్నీ చేయించేవారు. ఇప్పుడు షెడ్డు ఆమె చూసుకుంటోంది, కోడలు సాయం. చెప్పులు బయట విప్పి, చేతులు కడుక్కుని, సున్నం చల్లిన గడప దాటితే గానీ లోపలికి రానివ్వలేదు. పురుగులు నాలుగో జ్వరం నుంచి, అంటే మేత మాని పొర విడిచే నిద్ర నుంచి, లేచి ఉన్నాయి. జీవితమంతా తినే ఆకులో ఎక్కువ భాగం ఈ చివరి వారంలోనే తింటాయి కాబట్టి, మల్బరీ మండలు తెచ్చి పరచడం, మళ్లీ కోతకు పోవడం తప్ప ఇంట్లో వేరే మాట లేదు. ఒక పురుగును తీసి నా అరచేతిలో పెట్టింది. చల్లగా ఉంది. మెడ పైకెత్తి అటూ ఇటూ ఆకు వెతుక్కుంది. గూడు కట్టే వేళకు ఒళ్లు కాస్త పచ్చగా, వెలుగు పట్టినట్టు అవుతుందట. అప్పుడు ఒక్కొక్కదాన్నే ఏరి, గూడు కట్టుకునే తట్టలైన చంద్రికల మీద వదలాలి, ఒక్క పూట ఆలస్యమైనా దారం నేలపాలు.

"ఒక పంటకు ఇరవై ఎనిమిది రోజులు పాపా. నెలనెలా చేతికి దుడ్లు వచ్చేది ఇదొక్కటే. టమోటాను నమ్ముకుంటే ఒక తూరి కారు కొనిస్తాది, ఇంకో తూరి రోడ్డు మీద పారబోపిస్తాది" అంది. ఆమె ఇద్దరు పిల్లల్నీ ఈ షెడ్డే ఇంజనీర్లను చేసింది.

మధ్యాహ్నం భోజనానికి సంగటి, పితికిపప్పు. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య నొక్కి పొట్టు తీయాలి. పదిమందికి వండాలంటే ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. చలికాలంలో ఘాటు పైన ఏ ఇంట్లో తిన్నా ఈ రుచి ఉంటుంది. తిరుపతిలో గింజలు దొరుకుతాయి గానీ, నొక్కేవాళ్లు దొరకరు.

పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో పుంగనూరు ఆవుల్నీ చూశాం. నిలబడితే ఆవు మూపు నా నడుం దాకా రాలేదు. మన చిన్నప్పుడు కనబడకుండా పోతున్న జాతి ఇది. ఇప్పుడు నగరాల వాళ్లు ముద్దు కోసం కొంటున్నారు. అది నాకు పూర్తిగా సంతోషం కలిగించలేదు. వానలు తక్కువ పడే ఈ నేలలో కొద్దిపాటి మేతతో చిక్కటి పాలిచ్చే ఆవు చిన్నరైతు గడపలో ఉండాలి.

నా మనసు ఎక్కువగా నిలిచిపోయింది అడవి అంచు పల్లెలో. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు ఈ అడవుల్లోకి వచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. బడిలో ఉండగా ఆ మాట మనకు కథ. అక్కడివాళ్లకు అది ప్రతి రాత్రీ ఉండేదే. చెరకు, వరి, అరటి, ఏ పంట చేతికొచ్చే వేళకు ఆ పంటను ఏనుగులు తొక్కిపోతాయి. కందకాలు తవ్వారు, సోలారు కంచె వేశారు. అడవి ఏనుగుల్ని తరమడానికి కర్ణాటక నుంచి తెచ్చిన కుంకీల, అంటే శిక్షణ పొందిన ఏనుగుల, కోసం ముసలిమడుగు దగ్గర శిబిరం పెట్టారు. మన క్లాసులో ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే అన్నదమ్ముల ఇల్లు అక్కడే. అన్న మంచె చూపించాడు. కింది రెండు మెట్లు కొత్త కర్రలు, పాతవి విరిగిపోయాయి. "రాత్రి పది నుంచి కోడి కూసేదాకా ఈడనే. టపాకాయలకు భయపడడం మానేసినాయి. అయినా వాటి తప్పేముండాది, అడవిలో నీళ్లు లేవు" అన్నాడు. పంట పోయిన మనిషి నోటి నుంచి ఆ మాట విని నేను ఏమీ అనలేకపోయాను.

ఆయన మనవరాలు మన బడిలోనే తొమ్మిది చదువుతోంది. స్పెషల్ క్లాసు అయ్యి బస్సు దిగేసరికి చలికాలంలో మసక చీకటి. బస్సు దిగినచోటు నుంచి ఇంటికి మట్టిదారి, పక్కనే చెరకు. తాత టార్చిలైటు పట్టుకుని ఎదురు వెళ్తాడు. ఆయన మంచె మీద ఉండాల్సిన రోజుల్లో ఆ పిల్ల స్పెషల్ క్లాసు మానేస్తుంది. అలాంటి పిల్లలు ఆ దారిలో ఇంకా ఉన్నారు.

సమ్మేళనం నిధితో బడికి స్వాగతద్వారం కట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. కట్టవద్దని నా మనవి. ఆ డబ్బుతో పరీక్షల కాలమంతా సాయంత్రం ఒక ఆటో మాట్లాడి, అడవి వైపు పిల్లల్ని ఇంటి గడప దాకా దించుదాం. ఊళ్ల పేర్లు, ఏ ఊరికి ఎంతమంది పిల్లలో హెడ్మాస్టరుగారిని అడిగి రాసి తెచ్చాను. సమావేశంలో ముందుగా ఈ విషయం మాట్లాడదాం. ఆటో బాడుగలో మొదటి నెలది నాది.