అర మిల్లీ అన్నాను, మిల్లీ కోసేశాడు

నిన్న విజయనగరం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి దిగాను. మూడో గేరులో థ్రాటిల్ పూర్తిగా తిప్పినా ఇంజిన్‌లో ఆ టకటక చప్పుడు లేదు. ఆ చప్పుడు పోగొట్టడానికి నాకు నలభై రోజులు పట్టింది. మరొకరికి ఈ అవస్థ రాకూడదని రాస్తున్నాను.

నాది 2010 మోడల్ యమహా ఎఫ్‌జెడ్16, కార్బొరేటర్ బండి. 153 సీసీ, కంపెనీ కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందో చెప్పే అంకె, 9.5. పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిశ్రమానికి మిగిలే చోటు 18 సీసీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 58 మిల్లీమీటర్లు కాబట్టి హెడ్డు (సిలిండర్ పైమూత) అడుగు అర మిల్లీ కోయిస్తే ఆ చోటు సుమారు 1.3 సీసీ తగ్గుతుంది, రేషియో 10.2 అవుతుంది. ఘాట్‌లో కాస్త గట్టిగా లాగుతుందని నా ఆశ.

ఇంజిన్ విప్పడం, కార్బన్ గీకడం, వాల్వులు గ్రైండ్ చేయడం, కొత్త రింగులు వేయడం ఒక్క ఆదివారంలో అయిపోయాయి. హెడ్డు మాత్రం ఫేసింగ్‌కి లేతు షాపులో ఇచ్చాను. సాలూరు లారీల మీద చెయ్యి తిరిగిన మనిషి అని అందరూ చెప్పారు. కాగితం మీద 0.5 అని రాసి ఇచ్చాను. సాయంత్రానికి అద్దంలా మెరిసే హెడ్డు చేతిలో పెట్టాడు. కొలవకుండా బిగించేశాను. నా తప్పు అదొక్కటే.

ఊళ్ళో పికప్ అదిరింది. బొడ్డవర దాటి ఎక్కుడు మొదలయ్యాక ఇంజిన్ వేడెక్కింది, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు టకటక మొదలైంది. థ్రాటిల్ తగ్గిస్తే ఆగుతుంది, పెంచితే మళ్ళీ వస్తుంది. ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, మూలన మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తనంతట తనే అంటుకుంటుంది. అదే నాకింగ్. దాన్ని పెట్రోలు ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేదే ఆక్టేన్ నంబర్. ప్లగ్ ఊడదీస్తే తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు కనిపించాయి. ఇలాగే నడిపితే పిస్టన్ అంచులు విరుగుతాయి.

ఎవరిని అడిగినా ఒకటే మాట, ‘ఇథనాల్ పెట్రోలండీ, అంతే.’ నేనూ నమ్మాను. బంకుకి వెళ్ళి కల్తీ పెట్రోలు అమ్ముతున్నారని గట్టిగానే అడిగాను. డెన్సిటీ (సాంద్రత) చూపించమన్నాను. అది మన హక్కు, ఎవరైనా అడగొచ్చు. మేనేజర్ మారుమాట లేకుండా గాజు జాడీలో పెట్రోలు పట్టి, హైడ్రోమీటర్, థర్మామీటర్ వేసి, రీడింగ్‌ని చార్టులో 15 డిగ్రీలకు మార్చి, రిజిస్టర్ నా ముందు పెట్టాడు. రిజిస్టర్‌లో రాసినదానికీ జాడీలో వచ్చినదానికీ మూడు పాయింట్ల దాకా తేడా ఒప్పుకుంటారు, అక్కడ ఒక్క పాయింటే ఉంది. ‘కరెక్టే ఉంది కదండీ, మీరే చూసుకోండి’ అన్నాడు. వెనక లైనులో ఎవరో, ‘ఏటి బావూ, బండి పాడైతే బంకు మీద పడిపోతావేటి?’ అన్నారు. అందరూ నవ్వారు. ఇరవై ఏళ్ళుగా నా బళ్ళు నేనే విప్పి బిగించుకుంటున్నవాణ్ని, తల ఎత్తలేకపోయాను. బండి స్టార్ట్ చేసి థ్రాటిల్ తిప్పితే అందరి ముందూ ఆ టకటక వినబడుతుందని రోడ్డు దాకా తోసుకుంటూ వెళ్ళాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జాడీలో డెన్సిటీ తెలుస్తుంది గానీ ఆక్టేన్ తెలియదు. ఆక్టేన్ తేల్చాలంటే ల్యాబులో కంప్రెషన్ మార్చగలిగే పరీక్ష ఇంజిన్ మీద నడపాలి. పైగా ఇథనాల్ ఆక్టేన్‌ని పెంచుతుంది. పాత మామూలు పెట్రోలు 91, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 95. అంటే పెట్రోలు మెరుగై కూడా నా ఇంజిన్ కొట్టుకుంటోందన్నమాట. లోపం ఇంజిన్‌లోనే ఉంది.

మందుల షాపులో పది ఎం.ఎల్. సిరంజి కొన్నాను. పిస్టన్ అంచుకి గ్రీజు పూసి, హెడ్డు మళ్ళీ బిగించి, పిస్టన్‌ని పూర్తిగా పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రం పైకి ఉండేలా ఇంజిన్ వంచి, డీజిల్‌లో ఇంజినాయిల్ కలిపి పోశాను. 18లో 1.3 పోను 16.7 సీసీ పట్టాలి. 15.4కే నిండిపోయింది. అంటే రేషియో దాదాపు 11. అర మిల్లీ కాదు, మిల్లీ కోశాడు! గాలితో చల్లబడే ఇంజిన్‌కి 11 ఎక్కువ. పైగా ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, పాత జెట్ (పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రం) ఉన్న కార్బొరేటర్‌తో మిశ్రమం పల్చబడి వేడి ఇంకా పెరుగుతుంది.

ఇంజిన్, సిరంజి పట్టుకుని లేతు షాపుకి వెళ్ళాను. ‘సిరంజితో ఇంజిన్ కొలుస్తారేటి మాస్టారూ, ఇదేటి ఆసుపత్రా?’ అన్నాడు. మాట్లాడకుండా అతని ముందే మళ్ళీ పోశాను. 15.4. ‘పైన గీతలున్నాయని ఇంకో కట్ వేశాను, కొంచెమే కదా’ అన్నాడు. మన దగ్గర ‘కొంచెం’ అనేదే పెద్ద కొలత. పులుసులో ఉప్పుకి చెల్లుతుందేమో, ఇంజిన్ హెడ్డుకి చెల్లదు. చెప్పిన అంకెకి విలువ ఇవ్వని చోట ఎంత అనుభవం ఉన్నా పని ఇవ్వకండి.

కోసిన లోహం తిరిగి రాదు. అందుకని సిలిండర్ కింద అల్యూమినియం రేకు కోయించి, ప్యాకింగ్‌తో కలిపి అర మిల్లీ లేచేలా వేశాను. హెడ్డు దిగిపోయి వెనక్కి జరిగిన క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే వేళ) కూడా దాంతో సగం సర్దుకుంది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచాను. మళ్ళీ సిరంజితో పోస్తే 16.7 పట్టింది.

పుస్తకం లెక్కలో 9.5 నుంచి 10.2కి వెళ్తే ఇంజిన్ సామర్థ్యం పెరిగేది రెండు శాతం, 11 దాకా వెళ్ళినా నాలుగు శాతమే. ఆ నాలుగు కోసం పిస్టన్ పోగొట్టుకోకండి. ఆ రెండు శాతం మాత్రం నాకు ఘాట్‌లో తెలిసింది.

ఇంటికొచ్చి ప్లగ్ ఊడదీశాను. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంది, ఒక్క చుక్క లేదు. రేపు ఆ బంకులోనే పెట్రోలు కొట్టించి, మేనేజర్‌కి సారీ చెప్పి వస్తాను.