ఎస్టర్లు: ఏ సగం ఎక్కడి నుంచి వచ్చింది?

బరంపురంలో తెలుగు ఇంట పుట్టి, ఒడియా మాధ్యమంలో చదివి ఉపాధ్యాయ పరీక్షకు సిద్ధమైన నాకు, మొదటిసారి మార్కులు పోయింది ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడే ఎస్టర్ల గురించిన, రెండు పేజీలు కూడా లేని పాఠంలోనే. ఫార్ములాలో ఆమ్ల భాగాన్ని ముందు రాస్తారు, పేరులో ఆల్కహాల్ భాగం ముందు వస్తుంది. ఆ తేడా తెలిసి కూడా తొందరలో మిథైల్ ప్రొపనోయేట్‌ను ప్రొపైల్ మిథనోయేట్ చేసి వచ్చాను.

అందుకే రెండోసారి ప్రతి ఎస్టర్‌నూ నడిమికి విరిచి చదివాను. కార్బాక్సిలిక్ ఆమ్లాన్నీ ఆల్కహాల్‌నూ కాస్త గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తే ఎస్టరు, నీరు వస్తాయి. 1895లో ఫిషర్, స్పైయర్ వెల్లడించిన ఈ పద్ధతిలో చర్య వెనక్కి కూడా నడుస్తుంది కనుక, ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ సమాన మోల్‌లలో తీసుకుంటే సుమారు మూడింట రెండు వంతులు ఎస్టర్‌గా మారేసరికి సమతాస్థితికి, అంటే ముందుకూ వెనక్కూ ఒకే వేగంతో నడిచే స్థితికి, చేరుతుంది. నీటిని తొలగిస్తేనో, ఏదో ఒకదాన్ని ఎక్కువ పోస్తేనో ఇంకా ముందుకు సాగుతుంది. మరి ఆ నీటిలోని ఆక్సిజన్ ఎవరిది? 1938లో రాబర్ట్స్, యూరీ ఆక్సిజన్-18 అనే బరువైన రకం ఆక్సిజన్ ఉన్న మిథనాల్‌ను బెంజోయిక్ ఆమ్లంతో కలిపి చూస్తే, ఆ బరువైన ఆక్సిజన్ ఎస్టర్‌లోనే ఉండిపోయింది. అంటే నీటికి ఆక్సిజన్ ఇచ్చింది ఆమ్లమే.

ఇలా విరిచి చదవడం వల్ల సాలిసిలిక్ ఆమ్లం నాకు బాగా అర్థమైంది. నొప్పి బామ్‌లోని మిథైల్ సాలిసిలేట్‌లో అది ఆమ్లంగా పనిచేస్తే, ఆస్పిరిన్‌లో ఎసిటిక్ ఆమ్ల భాగానికి తన హైడ్రాక్సిల్ (OH) చేతిని చాచి ఆల్కహాల్ స్థానంలో నిలబడుతుంది. చెమ్మ తగిలిన పాత ఆస్పిరిన్ సీసా మూత తీస్తే వచ్చే పుల్లని వాసన, ఆ బంధం తెగి బయటపడిన ఎసిటిక్ ఆమ్లానిదే. ఇప్పనూనెను కాస్టిక్ సోడాతో ఉడికిస్తే గ్లిసరాల్ విడిపోయి సబ్బు మిగలడమూ ఎస్టర్ తెగడమే. గోళ్లరంగు తుడిచే ఇథైల్ ఎసిటేట్, పాలిస్టర్ బట్ట వంటివి ఒక్కసారి చూసుకుంటే చాలు.

వాసన ప్రశ్నల్లో మాత్రం జాగ్రత్త. అరటిపండు వాసన ఐసోఎమైల్ ఎసిటేట్‌దని చదివిన ఊపులో, వానాకాలంలో మన గంజాం తీరాన డేగులనే రాగి పాత్రల్లో కాచే మొగలిపూల అత్తరు కూడా ఎస్టరేనని నేను ఒక నమూనా పరీక్షలో గుర్తించాను. కానీ అందులో ప్రధానమైనది ఎస్టర్ కాదు, ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్.