తనకే తెలీని కథ తను చెప్తుంటే

పౌలా హాకిన్స్ రాసిన 'ది గర్ల్ ఆన్ ద ట్రెయిన్' నిన్న రాత్రి రెండింటికి పూర్తి చేశా, ఇంకా బుర్రలోంచి పోవట్లేదు. 2015లో వచ్చిన బుక్కు, నేను ఇప్పుడే చదివా, బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. రేచల్ రోజూ లండన్‌కి ట్రెయిన్‌లో వెళ్తూ కిటికీలోంచి కనిపించే ఇళ్ళల్లో మనుషుల్ని చూసి వాళ్ళ జీవితాలు ఊహించుకుంటుంది, నేనేమో వారమంతా మెట్రో పర్పుల్ లైన్‌లో ఇందిరానగర్ దగ్గర బాల్కనీల్లో ఆరేసిన బట్టలు చూస్తూ అదే చదివా, ఒళ్ళు జలదరించింది నిజంగా.

ఆమె తాగుతుంది, కొన్ని రాత్రులు అస్సలు గుర్తుండవు, కథ చెప్పేదేమో ఆమే. అబద్ధాలు చెప్పే మనిషైతే ఎక్కడో ఒకచోట పట్టేసుకోవచ్చు, కానీ ఏం జరిగిందో ఈమెకే తెలీదు కదా, అక్కడే నేను పూర్తిగా ఆమె వైపు వెళ్ళిపోయా. ఇలాంటివాళ్ళకి అన్‌రిలయబుల్ నేరేటర్, అంటే పూర్తిగా నమ్మలేని కథకులు, అని పేరు పెట్టింది వేన్ బూత్ అనే అమెరికన్ విమర్శకుడట, 1961లో. మేగన్, ఆనా అని ఇంకో ఇద్దరాడవాళ్ళు కూడా కథ చెప్తారు గానీ నాకు రేచలే. (ఎండింగ్ చెప్పను, చదవండి.)

పొద్దున్నే మెట్రో ఎక్కి నెల్లూరులో ఉన్న అక్కకి ఫోన్ చేశా. తాతయ్య పోయినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నానని ఇన్నేళ్ళూ అనుకుంటున్నా, చెయ్యి పట్టుకున్నట్టు కూడా గుర్తు.

"నువ్వు పక్కింట్లో నిద్రపోతున్నావు కదే, నేనే వచ్చి లేపా" అంది అక్క.

బైయప్పనహళ్ళి దాటిపోయింది, నేనింకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నా.